ఎడారిలో టాంకుల యుద్ధము: బల్లమీది ఆట

చతురంగమను పేరులోనే సేన కలదు. రథ గజ తురగ పదాతులను అరువది నాలుగు గడులలో నడుపుట మన పెద్దలెరిగిన వినోదమే. ఆ వినోదమునకు ఆధునిక కాలమున ఏర్పడిన మరియొక రూపము చారిత్రక యుద్ధక్రీడ. చదరంగమున ఉభయపక్షముల బలము సమానము. ఇందులోనో, నిజముగా జరిగిన యుద్ధము, అది జరిగిన భూమి, పోరాడిన దళములు ఆటకు మూలము.

అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ స్థాపించిన అవలాన్ హిల్ సంస్థ 1964లో 'ఆఫ్రికా కోర్' అను ఆటను వెలువరించెను. 1941, 1942 సంవత్సరములలో లిబియా, ఈజిప్టు ఎడారులలో జర్మను సేనాని రోమెల్‌కును బ్రిటిషు పక్షమునకును జరిగిన పోరాటము దీని విషయము.

పటమంతయు తేనెపట్టువలె ఆరు పలకల గడులుగా విభజింపబడి యుండును. చదరపు గడులలో మూలకు పోవు దారి దీర్ఘమగును. ఆరు పలకల గడిలో ఎటు కదలినను దూర మొక్కటే. ఒక్కొక్క అట్టబిళ్ల ఒక్కొక్క దళము. దానిపై బలమును, నడకయు అంకెలలో ముద్రింపబడి యుండును. ఒక్కొక్క ఎత్తు అర్ధమాసమునకు సమానము.

దాడి చేయునపుడు ఉభయుల బలముల నిష్పత్తి చూడవలెను. పదకొండు బలముతో నాలుగు బలముగలవానిని ముట్టడించినచో అది రెండింతల క్రిందనే లెక్క; శేషము రక్షకునికే లాభము. మరొక్క బలము చేర్చినచో మూడింతలగును. ఆ రక్షకుడే టొబ్రుక్ కోటలో నున్నచో అతని నాలుగు ఎనిమిదియగును. మన పన్నెండు సమబలముగా దిగజారును. పిమ్మట పాచిక వేసి, పట్టికలో ఫలితము చూచుకొనవలెను.

అయినను ఆటకు ప్రాణము టాంకు కాదు, సరఫరా. సరఫరా బిళ్ల దాపున లేనిదే దాడి లేదు. దాడికి వాడినది ఖర్చగును. జర్మను పక్షమునకు అది వచ్చునో, మధ్యధరా సముద్రమున మునుగునో పాచిక చెప్పును. నిజముగను అట్లే జరిగినది. ట్రిపోలీ రేవునుండి అలమీను రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరము. పెట్రోలు మోయు లారీలే దారిలో పెట్రోలు త్రాగెడివి. గెలిచి ముందునకు పోయిన కొలది గెలిచినవాడే బలహీనుడగుట ఎడారియుద్ధపు చిత్రము.

కావున చేతనున్న కడపటి సరఫరాతో టొబ్రుక్‌ను ముట్టడింతమా, దానిని వెనుక విడిచి ఈజిప్టునకు పరుగిడుదమా అనునదే ఆటగాని చిక్కు. 1941 ఏప్రిలులో రోమెల్ ముట్టడించి విఫలుడయ్యెను. 1942 జూన్ 21న ఆ రేవు అతనికి చిక్కెను. అంతట అలమీనుదాక ఉరికెను. అచ్చట ఉత్తరమున సముద్రము, దక్షిణమున కట్టారా పల్లము. పార్శ్వము చుట్టిపోవుటకు త్రోవ లేదు. జూలై 1న డేర్ ఎల్ షైన్ వద్ద భారతీయ 18వ బ్రిగేడు, తాను నశించుచును, పగలెల్ల అతని నడ్డగించెను. అక్టోబరు 23న ఆరంభమైన పెద్దపోరులో జర్మనులు ఓడిరి.

ఆట చెప్పలేని విషయములును కలవు. పటమును పైనుండి చూచు మనకు శత్రువు సర్వము కనబడును. ధూళిలోని సేనానికి కనబడలేదు. ఓడిన బిళ్ల పెట్టెలోనికి పోవును. ఓడిన సైనికుడు ఇసుకలోనికి పోయెను. నాడు పాతిన మందుపాతరలు నేటికిని ఆ నేలలో మిగిలియున్నవి. ఈ భేదమును మరువక ఆడినచో, చరిత్రలో తేదీలుగా చదివిన నిర్ణయములు ఎంత కష్టముతో తీసికొనబడినవో ఇంటిలోని పిల్లలకును బోధపడును.