తేలికపాటి కారవాన్: తూచవలసిన బరువులు

సకుటుంబ సపరివారంగా తీర్థానికో తిరునాళ్లకో తరలివెళ్లడం తెలుగువారికి తరతరాల అలవాటు. వెదురుతో అల్లిన గూడు, లోపల వరిగడ్డిపై పరచిన జంపఖానా, వెనుక కట్టిన వంటసామగ్రి కలిస్తే అది గూడుబండి. నీడను, పడకను, వంటింటిని చక్రాలపై మోసుకుపోయే ఆ బండికి పాశ్చాత్య దేశాల్లోని బంధువే నేటి కారవాన్. విహారం కోసమే నిర్మించిన తొలి కారవాన్‌గా ఖ్యాతి పొందిన 'వాండరర్'ను, నౌకాదళ వైద్యునిగా పనిచేసిన గోర్డన్ స్టేబుల్స్ అనే రచయిత 1885లో ఇంగ్లండులో చేయించుకున్నాడు. దానినీ గుర్రాలే లాగాయి.

మన దేశంలో కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ 2010లో కారవాన్ పర్యాటకానికి విధానాన్ని రూపొందించింది. కేరళ రాష్ట్రం 2021లో తన సొంత విధానాన్ని ప్రకటించింది. ఈ వార్తలు చదివిన మన సహోద్యోగులు కొందరు అండమాన్ దీవుల్లో కారు వెనుక తగిలించుకొనే చిన్న కారవాన్ ఒకటి ఉంటే ఎంత హాయిగా ఉంటుందో అని ఉత్సాహపడుతున్నారు. రెండు మూడేళ్ల పోస్టింగుపై ఇక్కడికి వచ్చే కుటుంబాలు శ్రీ విజయ పురం (2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్) దాటి ఉత్తరాదిన ఉన్న మాయాబందర్, డిగ్లీపూర్‌లను చూడకుండానే తిరిగి వెళ్లిపోవడం మేము ఎరిగినదే. కనుక ఆ ఉత్సాహం ఆహ్వానించదగినది. అయితే ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము తీసి కొనే వస్తువు విషయంలో, అందునా భార్యాబిడ్డల క్షేమం ముడిపడిన విషయంలో, ఉత్సాహం కన్నా ముందు లెక్క చూసుకోవడం విజ్ఞుల లక్షణం. ఆ లెక్కను సహోద్యోగుల ముందు, వారి గృహిణుల ముందు ఉంచడమే ఈ వ్యాస లక్ష్యం.

'తేలిక' అంటే ఎంత?

కరపత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చువేసేది సాధారణంగా ఖాళీ బండి బరువు. మనకు కావలసినది నిండు బండి బరువు. ప్రతి కారవాన్‌కూ తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు ఒకటి ఉంటుంది. అందులోనుంచి ఖాళీ బరువును తీసివేయగా మిగిలినదే మన సామానుకు దక్కే వాటా. బండి ఎంత తేలికో చెప్పే అంకె కన్నా ఈ వాటా ఎంతో చెప్పే అంకె ముఖ్యం.

లాగే కారు సంగతి చూద్దాం. సామాను నింపిన కారవాన్ బరువు, కారు ఖాళీ బరువులో 85 శాతం మించరాదన్నది బ్రిటన్‌లో కొత్తగా కారవాన్ లాగేవారికి చెప్పే సూత్రం. మన కారు బరువు 1,100 కిలోలు అనుకుంటే ఆ హద్దు 935 కిలోలు. కారవాన్ ఖాళీ బరువు 750 కిలోలైతే మనకు మిగిలేది 185 కిలోలు. నలుగురున్న కుటుంబానికి 40 లీటర్ల నీరు 40 కిలోలు, నిండు వంటగ్యాస్ సిలిండరు 30 కిలోలు, బ్యాటరీ 25 కిలోలు, గుడారపు పందిరి 20 కిలోలు, దుస్తులు, పక్కబట్టలు మనిషికి 15 చొప్పున 60 కిలోలు. మొత్తం 175. మిగిలిన 10 కిలోల్లో బియ్యం, పప్పు, ఉప్పు, గిన్నెలు, పిల్లల ఆటవస్తువులు అన్నీ ఇమడాలి! 'తేలికపాటి' బండి బరువెక్కేది ఇలాగే.

అన్నింటికన్నా ముందు మరొక షరతు ఉంది. లాగుడు బరువు ఎంతవరకు అనుమతించబడినదో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడాలి. మన దేశంలో అమ్మే చిన్న కార్లలో చాలావాటికి తయారీదారులు ఆ అంకె ఇవ్వనే ఇవ్వరు. అంకె లేనిచోట అనుమతి లేదనుకోవడమే క్షేమకరం. అప్పుడు 85 శాతం సూత్రానికి తావే లేదు.

కాడి మీద బరువు

గూడుబండి తోలిన పెద్దలకు ఒక రహస్యం తెలుసు. బరువంతా వెనుకకు చేరితే కాడి పైకి లేచి మెడతాళ్లు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. ముందుకు చేరితే కాడి మెడలపై కూర్చుంటుంది. కాడి మీద కొద్దిపాటి బరువు మాత్రమే నిలిచేలా సామాను సర్దడం బండివాని నేర్పు. కారవాన్‌కూ ఇదే ధర్మం. కారు వెనుక కొక్కెంపై పడే బరువు, నింపిన కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. మన ఉదాహరణలో అది సుమారు 47 నుంచి 65 కిలోలు. అయితే కారుకు, కొక్కేనికి విడివిడిగా నిర్ణయించిన హద్దులను అది దాటరాదు. ఈ బరువు చాలకపోతే వేగంలో కారవాన్ పాములా అటూఇటూ ఊగి, చివరకు కారునే తనతో ఈడ్చుకుపోగలదు. అందుచేత బరువైన వస్తువులను ఇరుసుకు దగ్గరగా, నేల మీదనే ఉంచాలి. పైఅరల్లో దుప్పట్లు తప్ప మరేమీ పెట్టరాదు.

ఎక్కుడు దారుల లెక్క కూడా చూడాలి. నూరు మీటర్లకు 12 మీటర్లు లేచే వాలుపై 935 కిలోల కారవాన్ ఒక్కటే కారును సుమారు 112 కిలోల బలంతో వెనక్కి గుంజుతుంది. ఇలాంటి ఎక్కుళ్లు క్లచ్‌ను బాగా శ్రమపెడతాయి. దిగుడులో బ్రేకుల సమస్య. యూరప్ దేశాల్లో 750 కిలోలకు లోపున్న ట్రైలర్లను సొంత బ్రేకులు లేకున్నా అనుమతిస్తారు. అంతకు మించితే బ్రేకులు తప్పనిసరి. కారు నెమ్మదించినప్పుడు ట్రైలరు ముందుకు నెట్టే బలంతోనే దాని బ్రేకులు పడే ఏర్పాటు సరళమైనది, నమ్మదగినది. వానలో తడిసిన దీవుల దారులకు, బరువు ఎంత తక్కువైనా, బ్రేకులున్న ట్రైలరునే మేము కోరుకుంటాము.

దీవుల దారి పెట్టే పరీక్షలు

శ్రీ విజయ పురం నుంచి డిగ్లీపూర్ దాకా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు నేడు 4వ నంబరు జాతీయ రహదారి. ఈ దారిలో ప్రయాణానికి మూడు ప్రత్యేక పరీక్షలున్నాయి.

మొదటిది జిర్కాటాంగ్ చెక్‌పోస్టు. అక్కడినుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 49 కి.మీ. దారి జారవాల రక్షిత ప్రాంతం గుండా వెళుతుంది. నిర్ణీత వేళల్లో వాహనాలన్నీ ఒకే వరుసగా కదలాలి. గంటకు 40 కి.మీ. వేగం మించరాదు, ఒకరినొకరు దాటరాదు, ఎక్కడా ఆగరాదు, ఫోటోలు తీయరాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం ఆ ప్రజలకు కల్పించిన భద్రత ఇది. అది వారి ఇల్లు. మన చక్రాల ఇల్లు వారి వాకిట్లో నిలవడం మర్యాద కాదు, చట్టసమ్మతమూ కాదు. అందుచేత ట్రైలరు టైర్లు, బేరింగులు, లైట్లు అన్నీ ముందురోజే తనిఖీ చేసుకోవాలి. ట్రైలరుకు దాని కొలతకు తగిన స్పేరు చక్రం విడిగా ఉండి తీరాలి.

రెండవది ఫెర్రీ. మిడిల్ స్ట్రెయిట్ వద్ద వాహనాలు నావనెక్కి బారాటాంగ్ చేరుతాయి. ఆ తరువాతి హంఫ్రే జలసంధిపై ఇప్పుడు 1.45 కి.మీ. పొడవైన ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఉన్నందున ఒక ఫెర్రీ తప్పింది. ఆటుపోట్ల వల్ల సముద్రమట్టం మారినప్పుడల్లా నావ ర్యాంపు వాలు మారుతుంది. కారు ఎక్కగలిగిన ర్యాంపుపై, తోక పొడవైన కారవాన్ వెనుకభాగం నేలను గీరుకొనవచ్చు. పైగా నావలో స్థలం కొలత ప్రకారం దొరుకుతుంది. కారుకు కారవాన్ తోడైతే మరొక కుటుంబపు కారు పట్టే చోటు మనం ఆక్రమిస్తాం.

మూడవది వాతావరణం. రెండు ఋతుపవనాల వానలు, ఏటా సుమారు 3,000 మి.మీ. వర్షపాతం, పగలూరాత్రీ ఉప్పుగాలి. ఇనుప చట్రానికి రంగు పూత చాలదు. కరిగిన జింకులో ముంచి పూత వేసిన చట్రమే నిలుస్తుంది. అల్యూమినియం రేకును ఇనుప బోల్టుతో నేరుగా బిగిస్తే ఉప్పుతడి తగిలినచోట అల్యూమినియం తినివేయబడుతుంది. చెక్క చట్రంపై రేకు తొడిగిన పాతరకం గోడల్లోకి నీరు ఇంకితే బయటికి కనబడకుండానే లోపల కుళ్లుతుంది. పాత కారవాన్ కొనేవారు మూలల్లో, కిటికీల కింద వేలితో నొక్కి చూడాలి. మెత్తగా తగిలితే ఆ బేరం వదులుకోవాలి.

ఓడ తూచే తీరు

ప్రధాన భూభాగంలో కొని తెచ్చుకుందామనే మిత్రులు మరొక సంగతి గమనించాలి. చెన్నై నుంచి మన దీవులు వెయ్యి కి.మీ.కు పైగా దూరం. ఓడల రవాణాలో సరుకు బరువు, ఘనపరిమాణం రెంటిలో ఏది ఎక్కువ కిరాయినిస్తే దానినే లెక్కకు తీసుకోవడం పరిపాటి. కారవాన్ అంటే గాలి నింపిన పెట్టె. ఎంత తేలికైనదైనా దాని పరిమాణానికే కిరాయి పడుతుంది. బదిలీ అయినప్పుడు తిరుగు కిరాయి మళ్లీ తప్పదు. కనుక దీవుల్లో తేలికదనం ఒక్కటే చాలదు, మడిచినప్పుడు చిన్నదిగా కూడా ఉండాలి.

మా సూచన

ఇన్ని లెక్కల పిమ్మట మాకు తోచిన తీర్మానం ఇది. గట్టి గోడలున్న కారవాన్, ఎంత ముచ్చటైనదైనా, మన దీవుల దారులకు తగినది కాదు. కారు తయారీదారు లాగుడుకు అనుమతించిన వారు, గుడ్డగోడలతో విప్పుకొని మడుచుకొనే చిన్న ట్రైలరును, నిండు బరువు 750 కిలోలకు లోబడినదానిని, బ్రేకులతో ఎంచుకోవచ్చు. దానికి విడిగా రిజిస్ట్రేషను, బీమా అవసరమని మరువరాదు. అనుమతి లేనివారు, అంటే మనలో అధికసంఖ్యాకులు, మంచి గుడారం, మడత మంచాలు, దోమతెరలు, చిన్న పొయ్యి కారులోనే సర్దుకోవడం మేలు. ఈ సామాను నావలో అదనపు చోటు అడగదు, బదిలీనాడు గృహసామగ్రిలో కలిసిపోతుంది. కారు పైకప్పుపై సామాను కట్టేవారు దానికీ బరువు హద్దు ఉందని గుర్తుంచుకోవాలి.

విడిది విషయంలో అటవీశాఖ అనుమతి లేనిచోట గుడారం వేయరాదు. మొసళ్ల హెచ్చరిక ఉన్న కాలువలకు, మడ అడవులకు దూరంగా ఉండాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలీపూర్ తీరంలో రాత్రివేళ దీపాలు వెలిగించరాదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీని చవిచూసిన దీవులివి. భూమి గట్టిగా కంపిస్తే సామాను చూడక పిల్లలను తీసుకొని మెరకకు నడవాలన్నది ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంచాలి.

రంగత్ సమీపంలోని ఆమ్‌కుంజ్ తీరం, మాయాబందర్ వద్ద కర్మాటాంగ్ ఇసుక, 732 మీటర్ల సాడిల్ పీక్ శిఖరం, పోటుకు మునిగి పాటుకు తేలే ఇసుకదారితో కలిసిన రాస్, స్మిత్ జంటదీవులు మన పిల్లలు తప్పక చూడదగినవి. వాటిని చూడడానికి చక్రాల ఇల్లు లేదన్న చింత అక్కరలేదు. బయలుదేరే ముందు ఇంటి తూకంయంత్రాన్ని వరండాలో పెట్టి, ప్రతి సంచీని తూచి, కాగితంపై రాసుకోండి. ఆ పని పిల్లలకు అప్పగిస్తే మరీ మంచిది. ఏది అవసరమో, ఏది బరువో వారికి తెలిసివస్తుంది. మన సంస్థ కుటుంబాలన్నిటికీ శుభప్రయాణం కావాలని ఆకాంక్షిస్తున్నాము.