పాత సైకిలు వయసెంత?

గుర్రం వయసు పళ్ళు చూసి చెబుతారు. మరి ఇంగ్లండులో తయారైన పాత సైకిలు వయసు ఎలా చెబుతారో తెలుసా?

సైకిలుకూ పళ్ళచక్రం ఉంది కదా! ముందు దాన్ని చూడండి. అది సైకిలు పేరు చెబుతుంది. అందులో కొంగ తలలుంటే నాటింగ్‌హామ్ నగరపు రాలీ. మనిషి చెయ్యి ఉంటే రడ్జ్. చట్రం మీద మూడు తుపాకుల గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్ బి.ఎస్.ఏ. ఆ కంపెనీ 1861లో తుపాకులు చెయ్యడానికే వెలిసింది!

ఇక వయసు. వెనక చక్రం నడుమ ఉన్న హబ్బును తుడవండి. అది స్టర్మీ-ఆర్చర్ వారి మూడు గేర్ల హబ్బు అయితే, దాని మీద అంకెలు ఉండవచ్చు. "57 8" అని ఉంటే అది 1957 ఆగస్టులో తయారైందన్నమాట. అయితే తొందరపడకండి. చక్రం తరవాత ఎవరైనా మార్చి ఉండవచ్చు. మిగతా గుర్తులు దానితో సరిపోతేనే నమ్మాలి.

తెలిసిన సేకర్తలు తుప్పు తుడుస్తారు, నూనె వేస్తారు. పాత రంగును మాత్రం గీకరు. బంగారు గీతలూ, కంపెనీ పేరూ దాని మీదే ఉంటాయి. కొత్త రంగు ఎప్పుడైనా వెయ్యవచ్చు. గీకేసిన పాత రంగు మళ్ళీ రాదు.