ప్రదర్శనశాల నుండి రాజమార్గమునకు

మోటారు బండ్ల ప్రదర్శనములలో రెండు విధములగు బండ్లు కానవచ్చును. ఒకటి కొనువారికై చేసినది. రెండవది శిల్పి మనస్సులోని యూహకు రూపమిచ్చి, చూపరుల యభిప్రాయము నెఱుగుటకై నిలిపినది. ఈ రెండవది యెండవానలకు ఓర్వవలసిన పని లేదు. దాని వెల యెంతయని యడుగువారును లేరు. ఇట్టి యూహ నిజమైన బండిగా మాఱుటకు ఎన్ని పరీక్షలకు నిలువవలయునో, ఇటలీదేశపు ఆల్ఫా రోమియో మాంట్రియల్ కారు చరిత్రము వలన మనకు చక్కగా తెలియగలదు.

1967వ సంవత్సరమున కెనడాలోని మాంట్రియల్ నగరమున సర్వదేశ ప్రదర్శనము జరిగెను. మోటారు కార్ల విషయమున మానవుని యున్నతాభిలాష యెట్టిదో చూపుడని నిర్వాహకులు మిలాను నగరపు ఆల్ఫా రోమియో కంపెనీని కోరిరి. ఆ కంపెనీవారు దేహనిర్మాణమును ట్యూరినులోని బెర్టోనె సంస్థ కప్పగించిరి. అచటి యువశిల్పి మార్చెల్లో గాండిని రూపము కల్పించెను. రెండు తెల్లని కూపేలు, అనగా రెండు తలుపులును మూసిన కప్పును గల కార్లు, ప్రదర్శనమున నిలిచినవి. వానికప్పుడు పేరైనను లేదు. ఆ నగరము పేరే తరువాత స్థిరపడెను.

తలుపుల వెనుక చేపమొప్పలవంటి చీలికలుండుటచే, ఇంజను బండి నడుమ నున్నదని చూపరులకు తోచెడిది. నిజమునకది ముందుభాగముననే యుండెను. అదియు 1.6 లీటర్ల సామాన్యమగు నాలుగు సిలిండర్ల ఇంజను. వేషము రాజుది, బలము బంటుది.

జనుల మెప్పును చూచి కంపెనీవారు దానిని విక్రయమునకు సిద్ధపఱుప నిశ్చయించిరి. ఇచటనే కష్టము మొదలయ్యెను. రూపమునకు తగిన బలము కావలయును గదా! తమ పందెపు కారు టిపో 33 నందలి ఎనిమిది సిలిండర్ల ఇంజనునే వారు గ్రహించిరి. పందెపు ఇంజను అతివేగమునకే తగినది. వీథిలో నెమ్మదిగా సాగుటకు ఒప్పదు. కావున దానిని 2,593 ఘన సెంటీమీటర్లకు పెంచి, సాధువుగ మలచిరి. సుమారు 200 అశ్వబలము లభించెను. వేగము గంటకు 220 కిలోమీటర్ల ప్రాంతమునకు చేరెను. ఇంజను పట్టుటకై పై మూతను ఎత్తుచేసి, ఆ యెత్తు కానరాకుండ గాలిద్వారమువంటి యలంకారము నుంచిరి. దాని గుండ గాలి పోదు! దీపములపై కనురెప్పలవంటి పలకలు దీపము వెలిగింపగనే క్రిందికి దిగునట్లు చేసిరి. కాని క్రొత్త చట్రమునకు వ్యయము చేయలేదు; జూలియా కారు చట్రమునే వాడిరి.

1970లో జెనీవా ప్రదర్శనమున ఈ నిజమైన కారు వెలువడెను. రూపము చాలవఱకు నిలిచెను. కాలము మాత్రము నిలువలేదు. పోర్షే 911 కంటె దీని వెల యధికము. 1973లో చమురు ధర విపరీతముగ పెరుగుటచే పెద్ద ఇంజను కార్లకు గిరాకి తగ్గెను. 1977 నాటికి నిర్మాణము ముగిసెను. చేసిన కార్లు సుమారు 3,900 మాత్రమే. పొగకు సంబంధించిన కఠిన నిబంధనల కనుగుణముగ దీనిని మార్పకుండుటచే, ఉత్తర అమెరికా విపణిలో నిది విక్రయింపబడలేదు. ఏ నగరము పేరు ధరించెనో ఆ నగరపు అంగళ్లకే యిది చేరలేదు!

శిల్పి యొక గీతతో ముగించిన దానిని యంత్రకారుడు బరువుతో, వేడిమితో, ధనముతో, చట్టముతో పోరాడి సాధింపవలయును. ఊహను మెచ్చుట సులభము. దానిని సకాలమున నిజము చేయుటయే కష్టము.