గొట్టము లేని యూపిరి

2021 వ సంవత్సరపు వేసవిలో ప్రాణవాయువను మాట తెలుగునాట ఇంటింటి మాట యయ్యెను. ఆ దినములలో రోగి బంధువులు ఆసుపత్రి వాకిట అడుగుచుండిన ప్రశ్నలు రెండే: పడక యున్నదా? వెంటిలేటరున్నదా? ఆ యంత్రము దొరకిన ప్రాణము నిలిచినట్లేయని జనులు తలచిరి. ఈ నమ్మకములో కొంత నిజమున్నను, దీనివలన ఒక ముఖ్యవిషయము మరుగున పడినది. ప్రాణవాయువు సిలిండరునకును, వెంటిలేటరునకును నడుమ మరియొక మెట్టు గలదు. గొంతులో గొట్టము దింపకయే, రోగికి మత్తు నీయకయే, ముక్కునకో ముఖమునకో తొడుగు బిగించి ఊపిరికి ఆసరా యిచ్చు పద్ధతి యది. జిల్లా ఆసుపత్రికి అందుబాటులో నుండదగిన మెట్టు అదియే గనుక, దానిని గూర్చి చదువరులు కొంత తెలిసికొనుట యవసరము.

వైరసు ఊపిరితిత్తులను పట్టినపుడు జరుగునదేమి? మన ఊపిరితిత్తులలో కోట్లకొలది సూక్ష్మమైన గాలిగదులున్నవి. జబ్బు ముదిరినపుడు వాని గోడలు వాచి, లోపల నీరు చేరి, అనేకములు ముడుచుకొని మూతపడును. మూతపడిన గదిలోనికి ప్రాణవాయువు పోజాలదు. ముక్కుకడ ఎంత వదలినను అచ్చట దాని ప్రయోజనము లేదు. తిరునాళ్లలో పిల్లవాడు బూర నూదుచుండగా చూచినవారికి ఇందలి కిటుకు సులభముగా తెలియును. మొదటి ఊపునకు వాని బుగ్గలు నొచ్చును. బూర కొంచెము ఉబ్బినపిదప శ్రమ తగ్గును. ప్రతి శ్వాసకును బూరను మొదటినుండి ఊదవలసివచ్చిన రోగి కొన్ని గంటలకే డస్సిపోవును. ఊపిరి విడిచినపుడుకూడ లోపల కొద్దిపాటి ఒత్తిడిని నిలిపియుంచిన, గదులు పూర్తిగా మూతపడవు. సీపాప్ అనబడు సాధనము చేయు పని ఇంతియే. సాధారణముగా 5 మొదలు 10 సెంటీమీటర్ల నీటి ఎత్తునకు సమానమైన ఒత్తిడితో పని నడచును. బైపాప్ అనునది పీల్చునపుడు హెచ్చుగను, విడుచునపుడు తగ్గుగను ఒత్తిడి నిచ్చును. హై ఫ్లో యనునది వెచ్చజేసి తేమ చేర్చిన వాయువును నిమిషమునకు 60 లీటర్లవరకు ముక్కులోనికి పంపును.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. 1971 లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ యను వైద్యుడును ఆయన సహచరులును, నెలలు నిండక పుట్టి ఊపిరాడని శిశువులకు నిరంతరమైన ఒత్తిడి నిచ్చి కాపాడిన వృత్తాంతమును ప్రకటించిరి. అయినను 2020 లో కరోనా వ్యాపించిన తొలిమాసములలో అనేక దేశముల వైద్యులు దీనికి జంకిరి. తొడుగు అంచులనుండి రోగి శ్వాస వెలికివచ్చి సిబ్బందికి జబ్బు నంటించునని భయము. ముందుగానే గొట్టము వేయుట మేలని చాలచోట్ల తలచిరి. వెంటిలేటరులు చాలక, అనుభవము పెరిగిన కొలది ఆ అభిప్రాయము మారెను. 2020 మార్చిలో లండను యూనివర్సిటీ కాలేజీ ఇంజనీర్లును, మెర్సిడెస్ పందెపుకార్ల ఇంజనులు చేయు కర్మాగారమువారును కలిసి, నూరు గంటలు గడువకముందే ఒక సీపాప్ పరికరమును సిద్ధపరచి, దాని నమూనాను ఇతరదేశములకు ఉచితముగా నొసగిరి. వ్యాపారరహస్యమని దాచుకొనకుండుట మెచ్చదగినది.

ఫలితమేమని అడుగవచ్చును. బ్రిటనులో 1,273 మంది కరోనా రోగులపై జరిపిన పరీక్ష 2022 జనవరిలో వెలువడినది. మామూలుగా ప్రాణవాయువు పొందినవారిలో నూటికి 44 మందికి ముప్పది దినములలోపల గొట్టము వేయవలసివచ్చెను, లేదా వారు మరణించిరి. సీపాప్ పొందినవారిలో ఆ సంఖ్య 36. హై ఫ్లో వలన ఆ పరీక్షలో అట్టి లాభము కానరాలేదు. ఇచ్చట ఒక సంగతిని దాచరాదు. మరణములను మాత్రమే వేరుగా లెక్కించిన సీపాప్ లాభము స్పష్టపడలేదు. ముఖ్యముగా తగ్గినది గొట్టమువేయు అవసరము. కాని గొట్టము తప్పుట స్వల్పమైన సంగతియా? గొట్టము వేసిన రోగికి మత్తుమందు కావలెను, అహోరాత్రము నిపుణులు కావలెను, పుండుమీద కారమువలె కొత్త న్యుమోనియా వచ్చు ప్రమాదముండును. నిపుణులు కరవైన చోట గొట్టము తప్పిన ప్రతి రోగియు మరియొక రోగికి పడక నిచ్చినవాడే.

అయితే ఈ మెట్టునకు రెండు అక్కరలు గలవు. మొదటిది ప్రాణవాయువు. పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల వాయువు పట్టును. హై ఫ్లో పరికరము నిమిషమునకు 60 లీటర్ల శుద్ధవాయువునే వాడుచో రెండు గంటలు నిండకముందే అది ఖాళీయగును. నూతిలో నీటిమట్టము చూడక మోటారు కొనిన రైతు నుండునా? ఆసుపత్రులకు యంత్రములు కొనిపెట్టువారును ఈ లెక్కను ముందుగా చూడవలసియుండెను. 2021 ఏప్రిలు 22 న విశాఖపట్టణమునుండి ద్రవరూపమైన ప్రాణవాయువును నింపుకొన్న ట్యాంకరులు రైలుబండిపై మహారాష్ట్రమునకు బయలుదేరినవి. మన ఉక్కు కర్మాగారము పొరుగువారికి ఊపిరి పంపినదని మనమెల్లరము సంతసించితిమి. మూడువారములు గడువకముందే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు రాక ఆలస్యమై, గొట్టములలో ఒత్తిడి పడిపోయి, 11 మంది రోగులు మరణించిరని జిల్లా అధికారులే ప్రకటించిరి. అంతరాయము కొన్ని నిమిషములదేయని వారనిరి. అలసిన రోగికి ఆ కొన్ని నిమిషములే చాలును.

రెండవ అక్కర మనుష్యులు. దీనికి శిశువైద్యమునుండి రెండు నిదర్శనములు చూపెదము. చిన్నపిల్లల తీవ్ర న్యుమోనియాలో వైరసుల పాలే హెచ్చని, అందును ఆర్‌ఎస్‌వీ యను వైరసు అగ్రస్థానమున నున్నదని ఏడు దేశములలో జరిగి 2019 లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. వీరిని కాపాడుటకు ఢాకాలోని అతిసారవ్యాధి పరిశోధనాసంస్థకు చెందిన డాక్టరు మహమ్మద్ జొబాయెర్ చిష్టీ ఒక చౌక ఉపాయమును పరీక్షించెను. బిడ్డ విడుచు ఊపిరిని ఒక గొట్టముద్వారా నీటిసీసాలోనికి మరల్చుటయే ఆ యుపాయము. గొట్టపుకొన ఎన్ని సెంటీమీటర్లు మునిగిన అంత ఒత్తిడి బిడ్డ ఊపిరితిత్తులలో నిలుచును. బుడగలు లేచుచున్నంతసేపు సాధనము పని చేయుచున్నదని తల్లికిని తెలియును. సీసా షాంపూసీసా. 225 మంది పిల్లలపై జరిగిన ఈ పరీక్ష 2015 లో వెలువడెను. మామూలు ప్రాణవాయువు పొందినవారిలో నూటికి 15 మంది మరణింపగా, బుడగల సీసా పొందినవారిలో నూటికి నలుగురే మరణించిరి.

ఇది చదివినవాడెవడైనను, ఈ సీసానే ప్రతి తాలూకా ఆసుపత్రికిని పంపుడని వెంటనే కోరును. అట్లు తొందరపడకుండ మనలను ఆపునది ఆఫ్రికాలోని మలావీ దేశపు అనుభవము. అచ్చట సాలీమా జిల్లా ఆసుపత్రిలో 644 మంది పిల్లలపై బుడగల సీపాప్‌నే పరీక్షించిరి. ఫలితములు 2019 లో ప్రకటింపబడినవి. మామూలు ప్రాణవాయువు పొందినవారిలో నూటికి 11 మంది మరణింపగా, సీపాప్ పొందినవారిలో నూటికి 17 మంది మరణించిరి. ఢాకాలో పిల్లలను ఆసుపత్రి వైద్యులు అనుక్షణము కనిపెట్టియుండిరి. మలావీలో ఆ భారము వైద్యులు కాని సిబ్బందిపై నుండెను. ఆ పిల్లలలో హెచ్‌ఐవీ సోకినవారును, తిండి చాలక చిక్కినవారును అనేకులు గనుక కారణమొక్కటేయని తీర్పు చెప్పరాదు. అయినను తొడుగు బిగించి వెడలిపోయిన వార్డులో ఈ సాధనము బిడ్డను కాపాడునని ఎవరును హామీ ఈయజాలరు.

పెద్దల విషయమునను ప్రమాదమిట్టిదే. తొడుగుతో కొంత తేరుకొన్నట్లు కనబడిన రోగి, లోలోపల అలసిపోవుచుండవచ్చును. వ్రేలికి తగిలించిన పరికరము మంచి అంకెనే చూపుచుండును, శ్వాసలు మాత్రము నిమిషమునకు 30, 35 అగును, మెడకండరములు ఎగసిపడును, మాట తడబడును. అప్పుడు గొట్టమే శరణ్యము, ఆలస్యము ప్రాణాంతకము. ఈ గుర్తులను కనిపెట్టుటకు గొప్ప యంత్రమక్కరలేదు. గడియారము, తర్ఫీదు పొందిన నర్సు, పిలిచిన వచ్చు వైద్యుడు చాలును. బోరగిల పరుండబెట్టుటకు ఖర్చే లేదు. ఆరు దేశములలో 1,126 మంది మెలకువతో నున్న కరోనా రోగులపై జరిగి 2021 లో వెలువడిన పరిశోధనలో, ఆ ఒక్క పనివలన గొట్టమో మరణమో తటస్థించిన వారి సంఖ్య నూటికి 46 నుండి 40 కి దిగినది. దానికిని రోగికి నచ్చజెప్పి, తొడుగు జారకుండ ప్రక్కకు త్రిప్పగల చేతులు కావలెను.

కావున కొత్త యంత్రములను ప్రారంభించుటకు అమాత్యులు జిల్లా ఆసుపత్రికి విచ్చేసినపుడు, పురప్రముఖులు పూలదండలతోబాటు కొన్ని ప్రశ్నలనుకూడ వెంట తీసికొనిపోవలెను. హై ఫ్లో పరికరములన్నియు ఒక్కమారు నడచిన ఇచ్చటి ప్రాణవాయువు తొట్టి ఎన్ని గంటలు వచ్చును? రెండవ ట్యాంకరు ఏ యూరినుండి రావలెను, ఎంతసేపటికి వచ్చును? రాత్రి రెండు గంటలకు ఒక్క నర్సు ఎందరి శ్వాసలను లెక్కపెట్టవలసియున్నది?