గ.సా.భా. – ఒక ప్రత్యుదాహరణము

రెండు సంఖ్యలను నిశ్శేషముగా భాగించు వానిలో మిక్కిలి పెద్దదానిని గరిష్ఠ సామాన్య భాజకమందుము. 12, 18 లకు అది 6, వాని క.సా.గు. 36. 6 × 36 = 216; 12 × 18 = 216. ఏ రెండు సంఖ్యలకైనను ఈ లబ్ధములు సమానములే.

మూడు సంఖ్యలకును ఇది చెల్లునని విద్యార్థులు పలువురు తలంచుచుందురు. 2, 3, 5 లకు గ.సా.భా. 1, క.సా.గు. 30, సంఖ్యల లబ్ధమును 30. 3, 5, 7 లకును సరిపోవును. కాని 2, 4, 6 లను చూడుడు. గ.సా.భా. 2, క.సా.గు. 12, వాని లబ్ధము 24. సంఖ్యల లబ్ధమో 48! ఇట్టి దానినే ప్రత్యుదాహరణమందుము.

కారణమేమి? 2 అను కారణాంకము ఈ సంఖ్యలలో వరుసగా ఒకసారి, రెండుసారులు, ఒకసారి కలదు. కనిష్ఠము గ.సా.భా.లోనికి, గరిష్ఠము క.సా.గు.లోనికి పోవును. సంఖ్యలు రెండే అయినచో ఏమియు మిగులదు. మూడయినచో నడిమిది మిగిలిపోవును. ఇచట మిగిలినది ఒక 2; 24 × 2 = 48.

నూఱు ఉదాహరణములు సరిపోయినను సూత్రము రుజువు కాదు. ఒక్క ప్రత్యుదాహరణము దానిని కూల్చును. ఫెర్మా ప్రధాన సంఖ్యగా తలంచిన 4294967297 ను 641 నిశ్శేషముగా భాగించునని 1732లో ఆయిలర్ చూపెను. కావున విద్యార్థులారా, మేము చెప్పిన సూత్రమునైనను పరీక్షించి, కారణమెఱిగి గైకొనుడు.