మిషన్ ఇచ్చాం సరే, తిరిగి వచ్చే పార్సిల్ సంగతేమిటి?

కుట్టు మిషన్ ఇచ్చాం కదా, ఆ ఇల్లు నిలదొక్కుకుందా అని మన దాతలు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. కూకట్‌పల్లి, మూసాపేట, అల్విన్ కాలనీ ప్రాంతాల్లో ఇంట్లోనే బురఖాలు, కుర్తీలు కుట్టి మీషో, ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ వంటి వాటిలో అమ్ముకుంటున్న అక్కచెల్లెళ్ల లెక్క పుస్తకాలు చూస్తూ వచ్చాం. ఆర్డర్లు రాకపోవడం కంటే, పంపిన సరుకు తిరిగి రావడమే వారిని ఎక్కువగా కుంగదీస్తోంది.

ఒక చిన్న లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకు మాత్రమే. 900 రూపాయల బురఖాకు బట్ట, దారం, లేసు కలిపి 600, ఫీజులు, ప్యాకింగ్, పంపే ఖర్చు 150 అనుకుంటే, ఆ తల్లి శ్రమకు మిగిలేది 150. పది పంపితే 1,500 రావాలి. రెండు తిరిగి వచ్చాయనుకోండి. ఒక్కోదానికి కొరియర్, ప్యాకింగ్ కింద 180 నష్టం. ఎనిమిదింటిపై వచ్చిన 1,200లో 360 పోతే 840. ఆ రెండింటిలో ఒకటి అంచున మట్టితోనో, అత్తరు వాసనతోనో వస్తే మళ్లీ అమ్మలేం. దాని 600 కూడా పోయి చేతిలో మిగిలేది 240. పదిలో మూడు తిరిగి వచ్చాయా, ఎదురు 90 రూపాయలు పోతాయి. నెలంతా మిషన్ తొక్కినా ఇంతే. ఇచ్చిన పెట్టుబడి ఎక్కడ కరిగిపోయిందో అర్థం కాక మిషన్ అమ్ముకునే పరిస్థితి ఇలాగే వస్తుంది.

అసలు కారణం చాలాసార్లు కుట్టులో ఉండదు, కొలత చెప్పడంలో ఉంటుంది. బురఖాకు 54, 56 అని రాస్తారు. అది భుజం నుంచి అంచు దాకా పొడవు, అంగుళాల్లో. కొనేవారిలో కొందరు దాన్ని ఛాతీ కొలత అనుకుంటారు. ‘భుజం నుంచి కింది అంచు దాకా 56 అంగుళాలు’ అని పూర్తిగా రాసి, టేపు పరచిన ఫోటో ఒకటి పెడితే ఆ అనుమానమే రాదు. కుర్తీలకు ఎల్, ఎక్స్‌ఎల్ అంటే చాలదు. ఒక్కో కంపెనీ ఎల్ ఒక్కో రకం. కుర్తీని బల్ల మీద పరచి, చంక నుంచి చంకకు కొలిచి, రెట్టింపు చేసి ఆ అంకె రాయాలి. వదులుకు ఎంత విడిచామో కూడా చెప్పాలి. కాటన్, రేయాన్ బట్టను కత్తిరించే ముందే తడిపి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కురచవుతుంది.

గాజుల్లో గందరగోళం మరీ ఎక్కువ. లాడ్ బజార్ లక్క గాజులు తెచ్చి అమ్మేవారున్నారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గాజు సైజు 2.4 అంటే దశాంశం కాదు. రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారింట నాలుగు వంతులు. అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అయితే 60, 2.8 అయితే 63.5, 2.10 అయితే సుమారు 67. బడిలో దశాంశాలు బాగా నేర్చుకున్న పిల్ల 2.8 కంటే 2.10 చిన్నదనే అంటుంది. తప్పు ఆ పిల్లది కాదు! పక్కన మిల్లీమీటర్లు వేసి, ఇంట్లో ఉన్న పాత గాజును స్కేలుతో కొలుచుకోమని ఒక వాక్యం రాస్తే చాలు.

ఫోటో పగటి వెలుగులో, కిటికీ దగ్గర తీయాలి. ట్యూబ్‌లైటు కింద మెరూన్ ఒకలా, చేతికి వచ్చాక ఇంకోలా కనిపిస్తుంది. కలిపి నేసిన బట్టను ప్యూర్ కాటన్ అని రాయడం గురించి వేరే చెప్పాలా? ధాన్యపు రాశిలో చేయి పెట్టి, తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి దైవప్రవక్త (స) నిలదీసిన సంగతి మనందరికీ తెలిసిందే. లిస్టింగ్ ఫోటో ఆ రాశి పైభాగం లాంటిదే.

రిటర్న్ అనగానే కొనేవారి మీద కోపం తెచ్చుకోవడం సరికాదని మా అభిప్రాయం. చూడకుండా కొన్న వస్తువును చూశాక వద్దనే హక్కు హనఫీ ఫిఖ్‌హ్‌లోనే ఉంది, దాన్ని ఖియారె రూయత్ అంటారు. లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు ఖియారె ఐబ్. మనసు మారిన వారి నుంచి సరుకు వెనక్కి తీసుకోవడం, అంటే ఇఖాలా, పుణ్యమని హదీసు చెబుతుంది. దేశ చట్టం సంగతికొస్తే, 2020 నాటి వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్నా, ప్రకటించిన గుణాలు లేకపోయినా విక్రేత సరుకు వెనక్కి తీసుకోనని అనరాదు. కాబట్టి రిటర్న్‌ను అడ్డుకోవడం కాదు, వాళ్లకు తిప్పి పంపే అవసరమే రాకుండా చూడడం మన పని.

అసలు అందకుండానే తిరిగి వచ్చే పార్సిళ్లు వేరు. వ్యాపారంలో వీటిని ఆర్‌టీఓ అంటారు. రవాణా శాఖ ఆఫీసు కాదు లెండి. క్యాష్ ఆన్ డెలివరీలో ఇవి ఎక్కువ. మన వైపు హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండే ఐటీ ఉద్యోగులు పగలు గదిలో ఉండరు. పార్సిల్ ఆలస్యమైతే కొనాలన్న ఉత్సాహమూ తగ్గుతుంది. ఆర్డర్ వచ్చిన రోజో మర్నాడో పంపగలిగినన్నే స్టాకు చూపించాలి. కుట్టాల్సినవి పది పెట్టుకుని ఇరవై ఉన్నాయని చూపించకూడదు. 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న విక్రేతలు కూడా ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు. మొదట్లో ఇది మంచిదే. సరుకు దూరం వెళ్లదు, త్వరగా అందుతుంది.

మోసపు రిటర్న్‌లూ ఉంటాయి, కొత్తది తీసుకుని పాతది పంపేవారు. ప్యాక్ చేసేటప్పుడు, తిరిగి వచ్చినదాన్ని విప్పేటప్పుడు లేబుల్ కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసి, గడువులోగా ఫిర్యాదు పెట్టాలి. కారణాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటే, ఒకే డిజైన్ మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు దాన్ని ఆపేయవచ్చు.

ఇక దాతలకు మా విన్నపం. వచ్చే ఏడు మిషన్‌తో పాటు కొలత టేపు, స్టీలు స్కేలు, ప్యాకింగ్ కవర్లు, ఫోన్‌కు స్టాండు ఇద్దాం. లిస్టింగ్ రాయడం నేర్పడానికి నాలుగు ఆదివారాలు మేము ఇస్తాం. మొదటి మూడు నెలల రిటర్న్‌ల కోసం ఒక్కొక్కరికి 2,000 రూపాయలు విడిగా కావాలి. అది జకాత్ సొమ్ము అయితే హనఫీ పద్ధతి ప్రకారం అర్హురాలి చేతికే సొంతంగా ఇవ్వాలి. సొసైటీ దగ్గర ఉమ్మడి నిధిగా ఉంచేటట్లయితే సదఖా సొమ్మే వాడాలి. ఏ ఖాతాకు ఇస్తున్నారో రసీదు మీద రాయించుకోండి.