బంగాళాదుంపలో హింస ఏమిటి?

మన సంఘం పండుగ భోజనాలకు జైన మిత్రులు వస్తే "అంతా శాకాహారమేనండీ, నిస్సంకోచంగా తినండి" అని వడ్డిస్తాం. వాళ్ళేమో సాంబారులో ఉల్లిపాయ చూసి, నవ్వి, పెరుగన్నం పెట్టుకుంటారు. మాంసం మానారంటే అర్థమవుతుంది గానీ, ఉల్లిపాయ ఏం చేసింది పాపం?

జైనులు జీవులను ఇంద్రియాల లెక్కన విభజించారు. చెట్టూచేమకూ, మట్టి, నీరు, నిప్పు, గాలిలో ఉండే జీవాలకూ స్పర్శ ఒక్కటే. పురుగుకు రెండు, చీమకు మూడు, తేనెటీగకు నాలుగు, పశువులకూ మనకూ ఐదు. ఇంద్రియాలు పెరిగిన కొద్దీ, చంపితే దోషమూ పెరుగుతుంది. మా వృత్తిలో బగ్గులకు తీవ్రతను బట్టి అంకెలు వేస్తాం చూడండి, అలాంటిదే! తినకుండా బతకలేం కాబట్టి గృహస్థు ఏకేంద్రియ జీవుల దగ్గరే ఆగాలి. అక్కడ కూడా వీలైనంత తగ్గించుకోవాలి.

కాయ కోస్తే మొక్క బతుకుతుంది. దుంప తవ్వితే మొక్కే పోతుంది. పైగా దుంపలో ఒకే శరీరాన్ని ఆశ్రయించి అనంతమైన జీవాలు ఉంటాయని వారి నమ్మకం. దాన్ని అనంతకాయం అంటారు. అందుకే పచ్చి అల్లం కూడదు, ఎండిన శొంఠి ఫరవాలేదు. నిష్ఠగా ఉండేవాళ్ళు పాటించే 22 అభక్ష్యాల జాబితాలో తేనె, వంకాయ, నిలవ పచ్చళ్ళు కూడా ఉన్నాయి. ఆవకాయ, గుత్తివంకాయ రెండూ పోయాక ఆంధ్రుడికి ఇంకేం మిగులుతుంది? అయితే జైనులందరూ ఇవన్నీ పాటిస్తారనుకోకండి. ఎవరి నియమం వారిది.

చీకటి పడ్డాక దీపానికి చేరే పురుగులు అన్నంలో పడతాయని సూర్యాస్తమయం లోపే భోజనం ముగిస్తారు. ఎమ్మెస్ రోజుల్లో మా రూమ్మేట్ ఒకడు చలికాలం నాలుగున్నరకే ల్యాబులో డబ్బా తెరిచేవాడు.

అసలు మూలం ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో ఉంది. ప్రాణం పోవడమొక్కటే కాదు, దాని వెనక ఉన్న ఏమరుపాటునూ ఆయన హింసలో భాగం చేశాడు. అందుకే సాధువులు వానాకాలం నాలుగు నెలలు ఊరు కదలరు, కూర్చునే చోటును ముందు మెత్తగా ఊడుస్తారు. దిగంబరులకు అందుకు నెమలి పింఛం, శ్వేతాంబరులకు ఉన్ని కుచ్చు. గృహస్థులకు ఇంత కఠినం లేదు. వంటలో, వృత్తిలో, ఆత్మరక్షణలో తప్పని హింసను జాగ్రత్తగా తగ్గించుకోవాలి. కావాలని చేసే హింసను మాత్రం పూర్తిగా వదలాలి.

మరి పాలు? జైన వంటింట్లో నెయ్యి, పెరుగు తరతరాలుగా ఉన్నవే. ఇప్పటి డైరీల్లో దూడను పుట్టగానే తల్లి నుంచి వేరు చేస్తారు, వట్టిపోయిన ఆవు కబేళాకు పోతుంది. అమెరికాలో జైన ధర్మాన్ని బోధించిన చిత్రభాను పాలు కూడా మానమని చెప్పేవారు. ఇక్కడి యువతరంలో కొందరు మానేశారు కూడా. పెద్దల్లో చాలామంది ఒప్పుకోరు. పాలు పితికితే ప్రాణం పోదు కదా అంటారు. నాకు మాత్రం యువతరం వాదనే బలంగా కనిపిస్తుంది. వాళ్ళ లెక్క ప్రకారమే బంగాళాదుంపది ఒక్క ఇంద్రియం, ఆవుకు ఐదు.